టాపు లేని కారు

మా బాపు కారు కొంటానన్నప్పుడు ఇంట్లో ఎవరూ నవ్వలేదు. రెండు సీట్ల కారు కొంటానన్నప్పుడు మాత్రం మా సోని అత్త గడప మీదే కూలబడి కడుపు పట్టుకుని నవ్వింది. ఆ కారుకు టాపు కూడా లేదని తెలిశాక నవ్వు ఆపేసి, తమ్ముడికి గాలో ధూళో సోకిందేమో ఎవరికైనా చూపించమని మా యాడికి సలహా ఇచ్చింది.

యాడి అంటే మా లంబాడీ మాటలో అమ్మ; ఆమె పేరు తారి. మా ఇంట్లో మాటలన్నీ ఆ భాషలోనే నడుస్తాయి. మీకోసం తెలుగులో చెబుతున్నాను. సోని అత్త తిట్లు కొన్ని దారిలో రాలిపోతాయి, పోనివ్వండి.

బాపు పేరు భద్రు. భూపాలపల్లి బొగ్గు గనిలో టింబర్‌మన్. బొగ్గు తవ్వేసిన చోట పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టడం ఆయన పని. దిమ్మె పెట్టే ముందు ఇనుప కడ్డీతో పైన తట్టి చూడాలి. గట్టి బండ ఖంగుమంటుందట, వదులు బండ డొల్లగా పలుకుతుందట. బతికి బయటికి రావడం ఆ చప్పుడు మీదే ఉంటుంది కాబట్టి ఆయన చెయ్యికి అది అలవాటైపోయింది. ఎంతగా అంటే, నెత్తి మీద ఏదైనా ఉన్న చోటికి వస్తే చాలు, చెయ్యి పైకి లేస్తుంది. బస్సెక్కితే టాపు తడతాడు. పెళ్లికి పోతే షామియానా గుంజను తడతాడు. నేను మానుకోటలో టీచరుగా చేరి ఇల్లు అద్దెకు తీసుకున్నప్పుడు, గరిటె వెనకవైపుతో అన్ని గదుల స్లాబూ తట్టి, వంటింట్లో నిలబడి చాలాసేపు పైకి చూశాడు. ఇంటి ఓనరు పక్కనే ఉన్నాడు. ఈయన ఇల్లు కొనడానికి వచ్చాడనుకుని ధర చెప్పడం మొదలుపెట్టాడు.

ఆ ఏడాది చివరికి బాపు రిటైరు. చిట్టి ఎత్తిన డబ్బు చేతికి రాగానే యాడి ఒకటే మాట చెప్పింది. ముందు తండాలో ఇంటికి స్లాబు, ఆ తరువాత మిగిలింది ఏం చేసుకుంటావో నీ ఇష్టం. పెంకుల కింద నుంచి వాన కారుతుంటే గిన్నెలు పరిచి పరిచి ఆమెకు విసుగొచ్చింది. బాపు ఎదురుచెప్పలేదు. ఎండాకాలంలో స్లాబు పోయించాడు. మిగిలిన డబ్బును పంచె కొంగున కట్టుకుని, కారు కోసం జనగామ పోయాడు. జనగామ ఎందుకంటే, అక్కడ గఫార్ అనే మెకానిక్ పాత కార్లు బాగుచేసి తక్కువకు ఇస్తాడని గనిలో ఎవరో చెప్పారు.

మొదట ఆయన చూసింది మామూలు కార్లే. ఎవరైనా బానెట్ ఎత్తి ఇంజను చూస్తారు, టైర్లు చూస్తారు, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో అడుగుతారు. మా బాపు డోరు తీసి లోపల కూర్చుని టాపును తట్టాడు. పలుకు బాగా లేదన్నాడు. రెండోదాంట్లో కూర్చుని తట్టాడు, ఇది అంతకంటే డొల్లగా ఉందన్నాడు. అన్నా, గది రేకు, రేకు గట్లనే పలుకుతదని గఫార్ ఎంత చెప్పినా వినలేదు. షెడ్డులో ఉన్న కార్లన్నీ అయిపోయాక గఫార్‌కు చిర్రెత్తింది.

"నీకు టాపు నచ్చేటట్టు లేదు భద్రన్నా. గట్లయితే టాపే లేని బండి ఉన్నది, తీస్కపో," అన్నాడు, షెడ్డు మూలకు చెయ్యి చూపించి.

అది వెక్కిరింపు. గఫారే తరువాత నాతో ఒప్పుకున్నాడు. ఆ మూల కవరు కింద ఉన్నది రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. హైదరాబాదులో ఎవరో ఉన్నవాళ్ల పిల్లగాడు మోజుపడి కొన్నాడట. వాడి మోజు తీరింది, చేసిన కంపెనీ కూడా మూతపడింది. గుడ్డ టాపు చిరిగితే ఎవరో పీకి పారేశారు. ఒకప్పటి ఎరుపు ఎండకు వెలిసి ఇటుక రంగుకు దిగింది. సెల్ఫ్ పని చెయ్యదు, తోస్తేనే స్టార్టవుతుంది. చాలాకాలంగా ఎవరూ అడగక గఫార్ కోళ్లు అందులోనే గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి.

బాపు కవరు తీశాడు. కోడిని లేపి, డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. అలవాటు కొద్దీ చెయ్యి పైకి లేపాడు. తగలడానికి ఏమీ లేదు. ఆ చెయ్యిని అలాగే పైన పెట్టుకుని మెడ వెనక్కి వాల్చి పైకి చూశాడట. గఫార్ షెడ్డుకు ఆ మూల రేకు ఎగిరిపోయి ఉంది. అందులోంచి ఆకాశం కనబడుతోంది.

"ముప్పయ్యేండ్ల కాన్నుంచి నెత్తి మీద బండ పెట్టుకొని బతికిన భాయ్. గిదే కావాలె," అన్నాడట.

అడిగేవాడు లేని బండి కాబట్టి బాపు దగ్గరున్న దానికే గఫార్ ఒప్పుకున్నాడు. బండిని నడిచేటట్టు చేయడానికి కొన్ని నెలలు పడుతుంది, అంతవరకు ఇక్కడే ఉండనియ్యమన్నాడు.

ఆ సంగతి ఫోనులో విని నేను బాపును కడిగిపారేశాను. నాకు కోపం తొందరగా వస్తుంది, ఆయనకు తెలుసు. ఇంత మందిమి ఉన్న ఇంట్లో రెండు సీట్లు ఏం చేసుకుంటావన్నాను.  ఆయన మెల్లగా, ఒకటి నాకు, ఒకటి మీ యాడికి అన్నాడు.

అప్పుడు నేను ఆగిపోయాను. ఎందుకంటే నాకు గుర్తొచ్చింది, వాళ్లిద్దరూ పక్కపక్కన కూర్చుని ఎక్కడికైనా పోవడం నేను ఎన్నడూ చూడలేదు. బస్సులో ఆడవాళ్లు ముందు, మగవాళ్లు వెనక. ఆటోలో ఆయన డ్రైవరు పక్కన వేలాడేవాడు, ఆమె వెనక మూటల మధ్య. ట్రాక్టరైతే ఆయన ఇంజను మీద, ఆమె ట్రాలీలో. మా తండాలో బండి ఎవరిదైనా అందరిదే. కదిలే బండిని ఆపి ఎక్కడం హక్కు, చోటు లేదనడం తప్పు. లేదన్నవాడి పెళ్లికి జనం తక్కువ వస్తారు. ఏ బండైనా అందరికంటే ముందు ఎక్కేది మా సోని అత్త. తంబాకు సంచి చంకన పెట్టుకుని, ఎక్కడికి పోతుందో కూడా అడగకుండా మంచి చోటు చూసుకుని కూర్చుంటుంది. నాకు తెలిసినంత కాలం మా బాపుకూ యాడికీ మధ్య ఎవరో ఒకరు ఉండేవాళ్లు. ఎక్కువసార్లు సోని అత్తే.

రెండే సీట్లుంటే ఇంకెవరూ ఎక్కలేరు. మా బాపు లెక్క అంతే. పాపం, ఎంత కాలం ఆలోచించాడో.

యాడి మాత్రం మొహం మీదే చెప్పేసింది. "నేను కూసోను. మా వదిన రోడ్డు మీద నిలబడి ఉంటె నేను నీ పక్కన కూసోని పోవాల్నా? నలుగురిని ఎక్కించుకోని బండి గూడ బండేనా?"

వానొస్తే ఏం చేస్తావని కూడా అడిగింది. తడుస్తం అన్నాడు బాపు. ఆమె పొయ్యి దగ్గరికి పోయింది. అప్పటి నుంచి ఇంట్లో కారు మాట ఎత్తితే గిన్నెల చప్పుడు పెరిగేది.

ఆమె మొండితనం నాకు కొత్త కాదు. గని కాలనీలో మేం పెరిగిన ఇంట్లో బాపు షిఫ్టు అయి పైకి వచ్చేదాకా యాడి అన్నం ముట్టేది కాదు. ఒకసారి పైకప్పు కూలి, ఆయన జతగాడు జాల్యా అనే ఆయన దాని కింద పడి చనిపోయాడు. బాపు దిమ్మెల చాటున రోజంతా ఇరుక్కుని బయటపడ్డాడు. ఆ తరువాత ఆమె అన్నంతో పాటు నీళ్లు కూడా మానేసింది. ఆయన ఇంట్లోకి వచ్చి, కాళ్లు కడుక్కుని, కంచం ముందు కూర్చుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకోవాలి. అప్పుడే ఆమె గొంతులో ఏదైనా దిగేది. ఆయన సెలవు మీద ఇంట్లో ఉన్న రోజు కూడా అంతే. పెరట్లో బీడీ తాగుతున్న మనిషి కోసం లోపల ఆకలితో కూర్చునేది. ఎంత నవ్వినా, ఎంత తిట్టినా మారలేదు.

ఆశ్వయుజం వచ్చేసరికి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. గనులు బందయ్యాయి, బడులు బందయ్యాయి, బస్సులు డిపోలు దాటలేదు. నేను సమ్మెలో, బాపు సమ్మెలో. జీతాల్లేవు. అయినా ఆయన మొహం అంత తేటగా నేను ఎప్పుడూ చూడలేదు. పొద్దున్నే లేచి తండా అరుగు మీద కూర్చుని ఎండను చూసేవాడు, ఎండ కదిలిన కొద్దీ తనూ జరిగేవాడు. టెంటు కింద దీక్షలో కూర్చోమంటే టెంటు బయట కూర్చుని దీక్ష చేశాడు.

అప్పుడే గఫార్ ఫోను చేశాడు. బండి తయారైంది, కాగితాలు మాత్రం ఆఫీసులు తెరిచాకే. బాపు మానుకోట వచ్చి నన్ను తోడు రమ్మన్నాడు. ఎందుకని అడిగితే బేరం నేనే చెయ్యాలన్నాడు. బేరం ఎప్పుడో అయిపోయింది. యాడి రాదని, ఒంటరిగా పోవడం ఆయనకు ఇష్టం లేదు. ఆ మాట చెప్పడం చేతకాక బేరం అన్నాడు. రైలెక్కి జనగామ పోయాం.

గఫార్ భార్య రషీదా బేగం సీటు కవర్లు కుడుతుంది. ఆ కారుకు కొత్త రెగ్జిన్ కుట్టి పెట్టింది. రెండో సీటు మొదటిదాని కంటే నాలుగు వేళ్లు ఎత్తుగా ఉంది. ఎందుకని అడిగాను.

"మీ నాయిన చెప్పిండు బిడ్డా, ఆమె ఘాగ్రా కడ్తదని. గంత కిందికి కూసుంటె లెవ్వరాదు. జర దూది ఎక్కువ పెట్టిన," అంది.

నేను ఆ సీట్లో కూర్చోబోతే బాపు ఆగమన్నాడు. గోనెసంచి ఒకటి తెచ్చి సీటు మీద పరిచాడు. కొత్త కవరు మీద మొదట కూర్చోవలసింది నేను కాదట. సర్కారు బడి టీచరును, గోనె మీద కూర్చుని రావాలి. కోపం వచ్చింది గాని గఫార్, రషీదా బేగం ఇద్దరూ నవ్వుతుంటే నాకూ నవ్వొచ్చింది. రాత్రి వాళ్ల ఇంట్లోనే పడుకున్నాం. తెల్లారి గఫార్ వెనక నుంచి తోస్తే కారు దగ్గి, ఊగి, కదిలింది. ఆపకు భద్రన్నా, ఆపితే మళ్ల తోసుడే అని రోడ్డు మలుపు దాకా అరుస్తూనే ఉన్నాడు.

 పాలకుర్తి దాటే దాకా బాపు స్టీరింగును రెండు చేతులా పట్టుకుని, గాలికి కళ్లు చిట్లించి, ఒక నవ్వు నవ్వుకుంటూ నడిపాడు. వరికోతల ముందు పొలాల వాసన మా మీద నుంచే పోతున్నట్టుంది. కారు ఎంత కిందికి ఉందంటే, రోడ్డు పక్క మేకలు మమ్మల్ని తలదించి చూశాయి. చెట్టు కొమ్మ నీడ పడ్డప్పుడల్లా బాపు చెయ్యి కొద్దిగా లేచి మళ్లీ దిగేది. పెద్దవంగర దాటుతుండగా నా వైపు చూడకుండానే అడిగాడు.

"మీ యాడి కూసుంటదా బిడ్డా?"

కూసుంటుందని అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. తెలియదు బాపూ అన్నాను.

పెద్దవంగర నుంచి నాలుగైదు కిలోమీటర్లు పోతే తొర్రూరు రోడ్డు మీదే మా తండా మలుపు. అక్కడికి చేరేసరికి రోడ్డుకు అడ్డంగా రాళ్లు, ముళ్ల కంపలు, వాటి వెనక జంపఖానాల మీద తండా తండా కూర్చుని ఉంది. ఆ రోజు రాస్తారోకో, వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యి పెట్టి, రోడ్డు మీదే తిని, పొద్దుగూకే దాకా లేవకూడదు. కొద్దిసేపటికే పెద్దవంగర వాళ్లు కూడా మా వెనక రోడ్డు మూసేశారని ఫోను వచ్చింది. ముందు మా వాళ్లు, వెనక వాళ్లు, మధ్యలో మేం.

తండా పెద్ద దేవ్‌సింగ్ బాబాయి విజిల్ మెడలో వేసుకుని వచ్చాడు. మన భద్రన్నే కదా, ఆ కంప జర పక్కకు జరపండి, ఇంటికి పోనీయండి అన్నాడు. బాపు ఒప్పుకోలేదు.

"గనిల మేం సమ్మె మీద ఉండుకుంట, ఈడ నేనే అడ్డం దాటితే ఏం మర్యాదనే? అందరితోటి నేను. పొద్దుగూకినంకనే పోత," అని ఇంజను ఆపేశాడు.

ఆపాక గుర్తొచ్చింది, మళ్లీ తోయాలని. సరే, ఆపనే ఆపాడు.

జనం కారు చుట్టూ మూగారు. కొందరు చెయ్యి వేసి చూశారు, కొందరు వంగి కింద చూశారు, టాపు యాడ పోయిందని అందరూ అడిగారు. బాపు అందరికీ ఓపిగ్గా చెప్పాడు గాని ఆయన చూపు అక్కడ లేదు. అడ్డం అవతల రోడ్డు పక్క పొయ్యి దగ్గర యాడి ఉంది. పెద్ద గుండిగలో బియ్యం పోస్తోంది. కొంగు నుదుటి మీదికి లాక్కుని ఉంది. కారు వైపు ఒక్కసారి కూడా తిరగలేదు. తిరగకుండా ఉండటానికి ఎంత కష్టపడుతోందో వెనక నుంచి నాకు కనబడుతూనే ఉంది.

నేను గోనెసంచి తీసి మడత పెడుతున్నాను. ఇంతలో సోని అత్త వచ్చింది. తంబాకు సంచి చంకన ఉంది. కారును ముందు నుంచి వెనక్కి ఒకసారి, వెనక నుంచి ముందుకి ఒకసారి చూసింది. బాగనే ఉన్నదిరా అని, ఆ చిన్న డోరు తీసి, ఘాగ్రా ఎత్తి పట్టుకుని, కొత్త కవరు మీద కూర్చోవడానికి ఒక కాలు లోపల పెట్టింది.

ఎక్కొద్దన్న మాట నా నోటిదాకా వచ్చింది. బాపు నా చెయ్యి పట్టుకున్నాడు. అక్కను వద్దనలేడు ఆయన. చిన్నప్పుడు ఆయన్ని ఎత్తుకు తిరిగింది ఆమె. కాని ఆయన మొహంలో ఉన్న తేట అంతా దిగిపోయింది. ఇన్ని నెలల ఆలోచన, ఆ నాలుగు వేళ్ల దూది, అన్నీ ఒక్క కాలితో అయిపోయేటట్టున్నాయి. నాకు ఏడుపొచ్చింది. కోపంతో వచ్చే ఏడుపు.

ఆ సమయానికి దేవ్‌సింగ్ బాబాయి విజిల్ వేశాడు. తొర్రూరు నుంచి పోలీసు జీపు బయలుదేరిందట. ఎక్కడివాళ్లు అక్కడ కూర్చోవాలి, వరసలో సందు కనబడితే జీపు దూరిస్తారు, ఎవ్వరూ లేవొద్దు అని కేకలు పెట్టాడు. ఆడవాళ్ల ముందు వరసకు సోని అత్తే పెద్ద. పొద్దున అందరికంటే ముందు వచ్చి మధ్యలో చోటు పట్టింది. పెట్టిన కాలు తీసి, వచ్చి కూర్చుంటనే అని కారుకే చెప్పినట్టు చెప్పి, వెళ్లి తన చోట్లో కూర్చుంది.

జీపు వచ్చింది. అవతలి వైపే ఆగింది. ఒక ఎస్సై దిగి, వరసను చూసి, అన్నం ఉడుకుతున్న గుండిగను చూసి, వేపచెట్టు నీడకు పోయి కూర్చున్నాడు. జై తెలంగాణ అని ఇటు నుంచి అరిచారు. కదిలితే సందు పడుతుందని అందరూ కూర్చునే అరిచారు. ఆ తరువాత చేసే పని ఏమీ లేదు. రోడ్డు మీద అంతా నిశ్శబ్దం. పెద్దవంగర వైపు చూస్తే ఒక్క బండి లేదు, ఒక్క మనిషి లేడు. చేల మధ్య తారు రోడ్డు కనుచూపు మేర ఖాళీగా ఉంది.

యాడి గుండిగ కింద నుంచి కట్టెలు లాగేసింది. మూత మీద నిప్పులు పోసింది. అన్నం ఉమ్మగిల్లాలి, అంతవరకు ఆమెకు పని లేదు. లేచి నిలబడి నడుముకు చేతులు పెట్టుకుని కూర్చున్న జనాన్ని ఒక చివర నుంచి ఇంకో చివర దాకా చూసింది.

"దేవ్‌సింగ్, ఈడ కూసున్నోళ్లల్ల ఎవరన్న యాడికన్న పోయేది ఉన్నదా?" అని అడిగింది.

బాబాయికి ప్రశ్న అర్థం కాలేదు. యాడికి పోతరు వదినా, పొద్దుగూకే దాకా లేచుడే లేదు అన్నాడు.

ఆమె ఊరుకోలేదు. వరస పొడుగునా మళ్లీ అడిగింది. ఎవరికన్న దవాఖానకు గాని, అంగడికి గాని, చుట్టాల ఇంటికి గాని పోయేదున్నదా. లేదు లేదని తలలు ఊగాయి. చివరికి ముందు వరస మధ్యకు వచ్చి ఆగింది. కొంగు సర్దుకుంది.

"వదినా, నీకు పోయేదున్నదా?"

సోని అత్త తల ఎత్తి మా యాడిని చూసింది. తరువాత కంప అవతల కారు పక్కన నిలబడ్డ తమ్ముణ్ని చూసింది. బాపు నేలకేసి చూస్తున్నాడు, చెప్పుతో రాయిని అటూ ఇటూ దొర్లిస్తున్నాడు. అత్త తంబాకు సంచి చంకలోంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. ఆమె గొంతు అంత మెత్తగా ఉండటం నేను అంతకు ముందు ఎన్నడూ వినలేదు.

"నాకేం పని లేదు తారీ. నేను ఈడనే కూసుంట. నువ్వు పో."

నాకు అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ యాడి వద్దన్నది ఆ సీటు మీద ఇష్టం లేక కాదు. ఎవరో ఒకరిని రోడ్డు మీద వదిలేసి కూర్చోవడం ఆమె వల్ల కాలేదు. ఆ రోజు మొత్తం తండాలో ఎక్కడికైనా పోవలసిన మనిషి ఒక్కరూ లేరు. ఆ మాట ఒక్కొక్కరి నోటా చెప్పించుకుని గాని ఆమె కదల్లేదు.

కంప దాటి వచ్చి గరిటె నా చేతిలో పెట్టింది. అన్నం చూడు, అడుగంటనియ్యకు అంది. ఘాగ్రా కుచ్చిళ్లు రెండు చేతులా పోగుచేసుకుని, డోరు తీసి కూర్చుంది. కుచ్చిళ్లు లోపలికి సర్దుకుని, సీటును అరచేత్తో ఒకసారి నొక్కి చూసింది. ఎత్తు గమనించింది.  బాపూ నేనూ కారును నెట్టి పెద్దవంగర వైపు తిప్పాం, ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ ఎదురుగా ఖాళీ రోడ్డును చూస్తున్నారు, ఫొటోకు కూర్చున్న కొత్త పెళ్లివాళ్లలా బిగుసుకుపోయి.

కారు స్టార్టు కావాలి కదా. తోసేవాళ్లు కావాలి. ఎవ్వరూ లేవొద్దన్న దేవ్‌సింగ్ బాబాయి తల గోక్కున్నాడు. జీపు వైపు చూశాడు, వేపచెట్టు కింద ఎస్సై వైపు చూశాడు. తోసేటందుకు లేస్తే అడ్డం తీసినట్టు కాదు, సగం మంది లేవండి అన్నాడు. అందరికంటే ముందు లేచింది సోని అత్త. ఆ కారులో ఎక్కడానికి ఎవరికీ చోటు లేదు గాని తోయడానికి మాత్రం తండా అంతటికీ చోటు దొరికింది. అత్త వెనక మధ్యలో రెండు చేతులూ ఆనించి, తమ్ముడా గట్టిగ పట్టుకో అని, నోటికొచ్చిన తిట్లన్నీ కారును తిడుతూ తోసింది. కారు దగ్గింది, ఊగింది, అందుకుంది. అత్త నాలుగడుగులు దాని వెంట ఉరికి, ఆగి, నడుం పట్టుకుని నవ్వింది.

నేను గరిటె పట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడ్డాను. టాపు లేదు కాబట్టి ఇద్దరి తలలూ, భుజాలూ వెనక నుంచి బాగా కనబడుతున్నాయి. కొంచెం దూరం పోయాక బాపు ఎడమ చెయ్యి పైకి లేచింది. ఆ పాత అలవాటే. తట్టడానికి వేళ్లు ముడుచుకుని ఉన్నాయి. పైన ఏమీ తగల్లేదు. చెయ్యి అలాగే గాలిలో ఆగిపోయింది.

అప్పుడు పక్క సీటు నుంచి ఇంకో చెయ్యి లేచింది. మోచేతి పైదాకా తెల్లగాజులు ఎండకు మెరిశాయి. ఆ చెయ్యి బాపు చెయ్యిని పట్టుకుని మెల్లగా కిందికి దించింది. దించాక వదిలిందో లేదో సీట్ల వెనక నాకు కనబడలేదు. బాపు ఒంటి చేత్తోనే నడుపుతూ మలుపు తిరిగాడని మాత్రం చెప్పగలను.

ఆ మలుపు దాటి పెద్దవంగర అడ్డం దాకా పోయారు, తిరిగి వచ్చారు. మా దగ్గర ఆగలేదు. ఆపితే మళ్లీ తోయాలని గుండ్రంగా తిప్పుకుని, హారన్ కొట్టి, మళ్లీ పోయారు. అలా ఎన్నిసార్లు తిరిగారో నేను లెక్కపెట్టలేదు. వచ్చినప్పుడల్లా జనం చప్పట్లు కొట్టారు. అవతల ఎస్సై కూడా లేచి చూశాడు. రోడ్డు దాటితే కదా తప్పు, మధ్యలో తిరిగితే ఏం తప్పని దేవ్‌సింగ్ బాబాయి ఆయనకు వినబడేటట్టు అన్నాడు. చివరిసారి వచ్చేసరికి యాడి నెత్తి మీద కొంగు లేదు, గాలికి జారి భుజాల మీద పడి ఉంది. ఆమె దాన్ని పట్టించుకోలేదు. జుట్టంతా రేగిపోయింది. అందులో అంత తెలుపు ఉందని నేను చూడటం అదే మొదటిసారి.

ఈ లోపల గుండిగలోంచి మాడు వాసన వచ్చింది. అన్నం సంగతి నేను మరిచేపోయాను.

బాపు కారు ఆపాడు. యాడి దిగి, తిన్నగా పొయ్యి దగ్గరికి వచ్చి మూత తీసి చూసింది. ఒక్కపూట అన్నం చూడమంటే చూడలేవు, బడిల పిల్లలకు ఏం నేర్పుతవో అని నన్ను తిట్టింది. మనస్ఫూర్తిగా తిట్టిన తిట్టు కాదు. మాడని భాగం తీసి వరసలో అందరికీ వడ్డించాం. సోని అత్త తన పక్కన చోటు చూపించి, ఎట్లుండే తారీ అని అడిగింది.

యాడి వచ్చి ఆ చోట్లో కూర్చుంది.

"భయం కాలే వదినా," అంది. "ఇన్నేండ్లు ఆయన యాడనో కింద ఉండె, నేను యాడనో పైన ఉంటి. ఇయ్యాల ఏమన్న అయినా ఇద్దరికీ అయితుండె."

అత్త ఆమె విస్తరిలో పప్పు పోసింది.

నేను బాపు కోసం చూశాను. ఆయన ఇంకా కారు దగ్గరే ఉన్నాడు. ఎవరికో దానిలో నిలబడి చుట్టూ చూడొచ్చని చూపిస్తున్నాడు. కాళ్లు కడుక్కోలేదు, కంచం ముందు కూర్చోలేదు. పిలవడానికి నేను లేవబోయాను.

యాడి అన్నం కలుపుకుంది. అటు వైపు చూడనైనా చూడలేదు. పెద్ద ముద్ద చేసి నోట్లో పెట్టుకుని, మాడు వాసన వస్తోందని నన్ను మళ్లీ తిట్టి, రెండో ముద్ద కలుపుకుంది.